రెండు వాగులు, ఒక అడవి: రికెట్స్ గ్లెన్ జలపాతాల చుట్టునడక

జలపాతం చూడబోయేవారిలో చాలామంది ఒకే దారిన వెళ్లి, నీరు దూకే చోట కాసేపు నిలిచి, వచ్చిన దారినే తిరిగి వస్తారు. అలా చూసినప్పుడు జలపాతం ఒక అందమైన దృశ్యంగా మనసులో నిలుస్తుంది కానీ, ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ రాతిని కోసుకుంటూ దిగింది, వాన కురవని రోజుల్లో కూడా వాగు ఎండిపోకుండా దానిని ఏది కాపాడుతోంది అనే ప్రశ్నలు ప్రశ్నలుగానే ఉండిపోతాయి. బయలుదేరిన చోటికే మరో దారిన చేర్చే చుట్టునడక ఈ లోటును తీరుస్తుంది. ఒక వాగు వెంట దిగి, అది వేరొక వాగుతో కలిసే చోటికి చేరి, ఆ రెండో వాగు వెంట పైకెక్కి మొదటి చోటికి వచ్చే మనిషికి జలపాతం విడిగా కాక, కొండతో, అడవితో, వానతో కలిసిన ఒకే వ్యవస్థగా అర్థమవుతుంది. ఇటువంటి నడకలలో బాగా పేరున్నది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర ఈశాన్య భాగంలో, రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కులో ఉన్న జలపాతాల బాట. ఒక్క పగటిలో ముగించగల ఈ నడకలో 21 జలపాతాలు కనిపిస్తాయి. వాటికి మించి, ఒక అడవి బతికి ఉండటం వల్ల ఒక వాగు ఎలా బతుకుతుందో కూడా కనిపిస్తుంది.

దారి సాగే తీరు

గ్లెన్ అంటే కొండల నడుమ ఉండే ఇరుకైన లోయ. పెన్సిల్వేనియా ప్రభుత్వం నిర్వహించే ఈ పార్కు 13 వేల ఎకరాలకు పైగా విస్తరించి, లుజర్న్, సల్లివన్, కొలంబియా అనే మూడు కౌంటీలలో, అంటే మన జిల్లాల వంటి పాలనా విభాగాలలో, పరుచుకొని ఉంది. పార్కులోని ప్రధానమైన వాగు పేరు కిచెన్ క్రీక్. దీని రెండు పాయలు కొండ మీది నుంచి వేర్వేరు లోయలలో దిగుతాయి. వాటిలో ఒక లోయ పేరు గ్లెన్ లీ, రెండో దాని పేరు గనోగా గ్లెన్. ఈ రెండూ కలిసే సంగమాన్ని అక్కడివారు వాటర్స్ మీట్ అని పిలుస్తారు. సంగమానికి దిగువన ఉన్న లోయ రికెట్స్ గ్లెన్. పార్కుకు ఆ పేరే వచ్చింది. కలిసిన నీరు మరికొన్ని వాగులతో కూడి సస్క్వెహానా నదిలో చేరి, చివరకు చెసపీక్ అఖాతం ద్వారా అట్లాంటిక్ మహాసముద్రానికి పోతుంది.

గ్లెన్ లీలో 8, గనోగా గ్లెన్‌లో 10, సంగమానికి దిగువన 3 జలపాతాలు బాట పక్కనే ఉన్నాయి. ఇవన్నీ చూస్తూ లోయ అడుగు నుంచి కొండపై దాకా పూర్తిగా చుట్టివస్తే సుమారు 7.2 మైళ్లు, అంటే పదకొండున్నర కిలోమీటర్లకు పైగా నడవాలి. అంత నడవలేనివారు కొండపైన లేక్ రోజ్ అనే చోట కారు నిలిపి, పై రెండు లోయలను మాత్రమే చుట్టివచ్చే సుమారు 3.2 మైళ్ల దారిని ఎంచుకుంటారు. అందులోనే 18 జలపాతాలు కనిపిస్తాయి. దూరం తక్కువగా అనిపించినా, ఎగుడుదిగుడు రాతిమెట్లు, తడి బండలు, నిటారు మలుపుల వల్ల అది తేలికైన నడక కాదు. పూర్తి చుట్టుకు మామూలు నడక తెలిసినవారికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఈ పార్కు కారులో కొద్ది గంటల దూరమే. ప్రవేశ రుసుము కూడా లేదు కనుక, ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగల విహారంగా ఇది వారికి అందుబాటులో ఉంది.

రాయి, మంచు, నీరు

ఒక చిన్న వాగు ఇంత కొద్ది దూరంలో ఇన్నిసార్లు ఎందుకు దూకుతుందో తెలియాలంటే, అది దిగే కొండను ముందుగా తెలుసుకోవాలి. ఈశాన్య అమెరికా భూభాగంలో అలిగేనీ పీఠభూమి అనే ఎత్తైన ప్రాంతం ముగిసి, దానికి దిగువన వరుస కొండలు, లోయలు మొదలయ్యే చోట ఒక పొడవైన ఏటవాలు అంచు ఉంది. దీనిని అలిగేనీ ఫ్రంట్ అంటారు. కిచెన్ క్రీక్ ఈ అంచు మీది నుంచి దిగుతూ, రెండుంబావు మైళ్ల దూరంలోనే సుమారు 1,000 అడుగుల ఎత్తును కోల్పోతుంది. ఎత్తు నుంచి పల్లానికి చేరడానికి వాగుకు దొరికిన దూరం అంత తక్కువ కావడమే జలపాతాలకు మొదటి కారణం.

రెండో కారణం రాళ్ల స్వభావంలో ఉంది. ఇక్కడి శిలలలో పాతవి సుమారు 37 కోట్ల సంవత్సరాల నాటివి. ఆ కాలంలో తూర్పున ఉన్న పర్వతాలను కోసుకుంటూ వచ్చిన నదులు ఇసుకను, ఒండ్రుమట్టిని ఈ ప్రాంతంలో పొరలు పొరలుగా పరిచాయి. ఇసుక గట్టిపడి ఇసుకరాయిగా మారింది. సన్నని బురద గట్టిపడి షేల్ అనే పలుచని పొరల మెత్తటి రాయిగా మారింది. అడుగున ఉన్న ఎర్రని పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు క్యాట్స్‌కిల్ శిలాశ్రేణి అని, వాటి మీదున్న బూడిదరంగు ఇసుకరాతి పొరలను హంట్లీ మౌంటెన్ శిలాశ్రేణి అని వ్యవహరిస్తారు. శిలాశ్రేణి అంటే ఒకే కాలంలో, ఒకే రకమైన పరిస్థితులలో ఏర్పడిన రాతిపొరల సముదాయం. క్యాట్స్‌కిల్ పొరల ఎరుపు ఇనుము తుప్పు పట్టడం వల్ల వచ్చింది. గట్టి పొర, మెత్తటి పొర ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు నీరు మెత్తటి దానిని త్వరగా, గట్టి దానిని నిదానంగా అరగదీస్తుంది కాబట్టి, వాగు అడుగు నున్నటి వాలుగా కాక మెట్లుమెట్లుగా తయారవుతుంది.

మూడో కారణం మంచు. సుమారు 20 వేల సంవత్సరాల క్రితం ఉత్తర అమెరికాలో అధిక భాగాన్ని కప్పిన మందపాటి మంచు పలకలు ఈ ప్రాంతం దాకా వచ్చి, వాతావరణం వేడెక్కగా వెనక్కు తగ్గాయి. తగ్గుతూ అవి వదిలిపోయిన ఇసుక, కంకర, బండల దిబ్బలు పాత నీటిదారులను మూసివేయడంతో, పొరుగు వాగుకు చెందిన ఎగువ నీరు కొంత కిచెన్ క్రీక్ వైపు మళ్లింది. నీరు పెరిగిన వాగుకు రాతిని కోసే బలమూ పెరిగింది. భూమి చరిత్రలో 20 వేల ఏళ్లు చాలా కొద్ది కాలం. అందువల్ల వాగు తన మెట్లను అరగదీసి సాఫీ వాలుగా మార్చుకోవడానికి ఇంకా వ్యవధి చాలలేదు. ఇప్పుడు కనిపిస్తున్న జలపాతాలన్నీ ఆ అసంపూర్ణమైన పనిలో ఒక దశ మాత్రమే.

గ్లెన్ లీ వెంట దిగుడు

లేక్ రోజ్ నుంచి బయలుదేరినవారు ముందుగా హైలాండ్ ట్రెయిల్ అనే పైదారి పట్టి, రెండు లోయల నడుమ ఉన్న గట్టు మీదుగా 1.2 మైళ్లు నడిచి గ్లెన్ లీ మొదటికి చేరుతారు. ఈ భాగంలో జలపాతాలు లేవు కాబట్టి దీనిని త్వరగా దాటిపోవాలనిపిస్తుంది. కానీ రెండు వాగులకూ నీరందించే నేల ఇదే. ఆకులు కుళ్లి మెత్తబడిన ఈ నేల వాన నీటిని, కరిగిన మంచును లోపలికి పీల్చుకొని, ఊటలుగా నెమ్మదిగా విడుదల చేస్తుంది. దారి మధ్యలో మిడ్‌వే క్రెవాస్ అనే ఇరుకు సందు ఉంది. గులకరాళ్లు ఇసుకతో కలిసి గట్టిపడిన భారీ బండల నడుమ నుంచి అక్కడ బాట సాగుతుంది. నీటికంటే ముందు ఈ కొండను మలచిన శక్తులు ఎంతటివో ఆ బండల పరిమాణమే చెబుతుంది.

గ్లెన్ లీలో మొదట ఎదురయ్యేది 15 అడుగుల ఒనొండాగా జలపాతం. అక్కడి నుంచి బాట వాగును విడవకుండా, ఒక్కోచోట దానిని చిన్న వంతెనల మీద దాటుతూ, ఎఫ్. ఎల్. రికెట్స్, షానీ, హ్యూరాన్ జలపాతాల పక్కగా దిగుతుంది. తర్వాత వచ్చే ఓజోన్ జలపాతం 60 అడుగుల ఎత్తుతో ఈ లోయలో అన్నింటికంటే పెద్దది. దానికి దిగువన ఆర్. బి. రికెట్స్, బి. రేనాల్డ్స్ జలపాతాలను దాటి, 15 అడుగుల వయాండాట్‌ను చూశాక సంగమం వస్తుంది. ఈ లోయ ఎక్కువ నిటారుగా ఉండటం వల్ల చాలామంది దీనిని దిగడానికి, గనోగా గ్లెన్‌ను ఎక్కడానికి ఎంచుకుంటారు. నిటారు మెట్లు దిగేటప్పుడు ఊపిరికి శ్రమ తక్కువే అయినా మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది కనుక చేతికర్ర ఉన్నవారికి ఈ భాగం సులభమవుతుంది.

జలపాతాల పక్కగా దిగే ఈ మెట్లను ప్రత్యేకంగా గమనించాలి. అక్కడి రాతినే పేర్చి, అవసరమైన చోట బండను చెక్కి వీటిని అమర్చారు. ఒకదానికి ఒకటి సమానంగా ఉండని ఈ మెట్ల మీద జలపాతం నుంచి లేచే తుంపర ఎప్పుడూ పడుతూనే ఉంటుంది; నీడ వల్ల ఆ తడి ఆరదు; ఆరని చోట పచ్చని నాచు పడుతుంది. జలపాతపు హోరుకు, చల్లదనానికి, నాచుకు, కాలు జారే ప్రమాదానికి మూలం ఒక్కటే కావడాన్ని మెట్టు మెట్టుకూ నిలదొక్కుకుంటూ దిగే మనిషి కాలితో గ్రహిస్తాడు.

సంగమం దగ్గర రెండు రకాల జలపాతాలు

వాటర్స్ మీట్ దగ్గర నేరుగా గనోగా గ్లెన్ వైపు తిరగకుండా, కాస్త దిగువకు వెళ్లి హ్యారిసన్ రైట్, షెల్డన్ రేనాల్డ్స్, ముర్రే రేనాల్డ్స్ జలపాతాలను చూసి రావడం మంచిది. ఇక్కడి జలపాతాలను పరిశీలించినవారు వాటిని రెండు రకాలుగా విడదీశారు. గట్టి రాతి అంచు మీది నుంచి నీరు ఎక్కడా ఆనకుండా ఒక్క ఊపున కిందికి పడితే దానిని పెళ్లికూతురి మేలిముసుగు రకం అన్నారు. పలుచని రాతిపొరల అంచుల మీదుగా, ఒక్కో పొర దగ్గర విరుగుతూ మెట్లుమెట్లుగా జారితే దానిని అంతస్తుల పెళ్లికేకు రకం అన్నారు.

27 అడుగుల హ్యారిసన్ రైట్ మొదటి రకానికి మంచి ఉదాహరణ. దాని పై అంచు గట్టి ఇసుకరాయి. ఆ అంచు కింద మెత్తటి పొరలున్నాయి. నీటి తెర వెనుక ఉన్న ఆ మెత్తటి రాయి తుంపరకు నానుతుంది. శీతకాలంలో దాని పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి, దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచించి పగుళ్లను మరింత తెరుస్తుంది. ఇలా ఏటా కొంత రాలిపోగా తెర వెనుక గుహ వంటి ఖాళీ ఏర్పడుతుంది. ఆధారం కోల్పోయిన పై అంచు బరువుకు విరిగి కింది గుండంలో పడుతుంది. అప్పుడు జలపాతం ఆ మేరకు ఎగువకు జరుగుతుంది. జలపాతం పాదం దగ్గర చెల్లాచెదురుగా పడి ఉండే పలకబండలు ఇలా విరిగిన అంచు ముక్కలే. మనిషి జీవితకాలంలో కంటికి ఆనని ఈ కదలిక వేల సంవత్సరాలలో లోయ పొడవునే మార్చివేస్తుంది.

గనోగా గ్లెన్ వెంట ఎక్కుడు

సంగమం నుంచి గనోగా గ్లెన్‌లోకి తిరిగాక ఈరీ, టస్కరోరా జలపాతాలు వరుసగా వస్తాయి. రెండూ 47 అడుగుల ఎత్తువే. ఆ తర్వాత కోనెస్టోగా, మోహికన్, డెలావేర్, సెనెకా జలపాతాలను దాటుకుంటూ ఎక్కితే, 94 అడుగుల గనోగా జలపాతం ముందుకు వస్తుంది. పార్కులో అన్నింటికంటే ఎత్తైనది ఇదే. నీరు ఇక్కడ ఒక్కసారిగా దూకదు. లెక్కకు మించిన పలుచని రాతి అంచుల మీద విరిగి, చీలి, మళ్లీ కలిసి, అడుగుకు వచ్చేసరికి వెడల్పైన తెల్లని జాలుగా పరుచుకుంటుంది. ఒకే మందంగల పొరలు ఒకే తీరుగా అరుగుతూ వస్తే జలపాతం ఎలా ఉంటుందో ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు. దీనికి ఎగువన కయూగా, ఒనైడా అనే చిన్న జలపాతాలు, చివరగా 37 అడుగుల మోహాక్ ఉన్నాయి. మోహాక్ దాటాక దారి వాలు తగ్గి, నడక మొదలైన చోటికి చేరుస్తుంది.

ఉదయం చూసిన గ్లెన్ లీతో దీనిని పోల్చుకోగలగడమే చుట్టునడక ఇచ్చే ప్రత్యేకమైన జ్ఞానం. రెండు లోయల రాయీ ఒకే కాలానిది, రెండింటి మీద కురిసే వాన ఒక్కటే, రెండింటి అడవీ ఒక్కటే; అయినా వాలులో, నీటి పరిమాణంలో ఉన్న కొద్దిపాటి తేడాలు ఒక లోయలో వాగును నిటారుగా దింపి, మరొక దానిలో విశాలంగా పరిచాయి.

ఈ జలపాతాల పేర్లలో మరొక చరిత్ర దాగి ఉంది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరూ ఇరోక్వోయి సమాఖ్యగా ప్రసిద్ధమైన ఆదివాసీ జాతుల పేర్లు. డెలావేర్, షానీ, హ్యూరాన్, ఈరీ, మోహికన్ వంటివి కూడా ఈశాన్య అమెరికాలో నివసించిన ప్రజల పేర్లే. కోనెస్టోగా ప్రజలలో ఇరవై మందిని 1763 డిసెంబరులో ఇదే పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ ప్రాంతంలో, సాయుధులైన వలసదారులు పొట్టనపెట్టుకున్నారు. ఎవరినైతే ఈ నేల మీద నిలవనీయలేదో వారి పేర్లే ఈ నేల మీది నీటికి మిగిలాయి. ఫలకాల మీద ఆ పేర్లు చదివే ప్రతివారూ ఈ సంగతి తెలుసుకొని ఉండటం ఆ ప్రజలకు ఇవ్వదగిన కనీస గౌరవం.

బాట వేయించిన మనిషి

జలపాతాలకు ఈ పేర్లు పెట్టించినవాడు రాబర్ట్ బ్రూస్ రికెట్స్. 1839లో పుట్టిన ఈయన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర రాష్ట్రాల పక్షాన ఫిరంగి దళాధికారిగా పనిచేసి, 1863 జూలైలో జరిగిన గెటిస్‌బర్గ్ యుద్ధంలో పోరాడి, కర్నల్ హోదాతో సైన్యం నుంచి బయటకు వచ్చాడు. యుద్ధం తర్వాత ఈ కొండ ప్రాంతంలో భూములు కొనడం మొదలుపెట్టి, క్రమంగా 80 వేల ఎకరాలకు పైగా సంపాదించాడు. గనోగా సరస్సు ఒడ్డున ఆయన కుటుంబం విడిది హోటలు నడిపింది. ఆ అతిథుల కోసం 1889 నుంచి 1893 వరకు నాలుగేళ్ల పాటు మాట్ హిర్లింగర్ నాయకత్వంలో ఆరుగురు పనివారు లోయలలో ఈ బాటను, రాతిమెట్లను నిర్మించారు. యంత్రాలు చేరలేని ఆ లోయలలో వారు వేసిన దారి ఆనవాలే నేటికీ నడిచేవారిని నడిపిస్తోంది.

అయితే రికెట్స్ అడవిని ముట్టుకోకుండా కాపాడిన మనిషి కాదు. ఆయన సంపదకు ఆధారం కలపే. ఆ రోజుల్లో హెమ్లాక్ చెట్టు బెరడు నుంచి తీసే టానిన్ అనే వగరు పదార్థంతో తోళ్లు శుద్ధి చేసేవారు. మానును ఇళ్లకు, రైలు మార్గాలకు వాడేవారు. ఆయన భూములలో రంపపు మిల్లులు, రైలు పట్టాలు, కూలీల ఇళ్లతో ఒక ఊరే వెలిసింది. 1890 ప్రాంతం నుంచి 1913 దాకా సాగిన ఈ నరికివేతలో చుట్టుపక్కల కొండలన్నీ బోడిగా మారాయి. కానీ జలపాతాలున్న మూడు లోయలలో మాత్రం ఆయన గొడ్డలి వేయనీయలేదు. ఆ ఒక్క నిర్ణయం వల్లనే ఈ రోజు అక్కడ ముదురు అడవి మిగిలింది.

ఆయన 1918లో మరణించాక వారసులు చాలా భూమిని రాష్ట్ర ప్రభుత్వానికి అమ్మారు. 1930ల దశకంలో ఈ ప్రాంతాన్ని జాతీయ పార్కుగా చేయాలన్న ఆలోచన సాగినా, ఆర్థిక మాంద్యం, రెండో ప్రపంచ యుద్ధం దానిని ముందుకు పోనీయలేదు. 1942లో జలపాతాల లోయలు కూడా రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1944లో పార్కు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 1969లో ఈ లోయలను జాతీయ ప్రకృతి చిహ్నంగా గుర్తించారు. దేశానికంతటికీ విలువైన సహజ ప్రదేశమని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అది. ఒక వ్యక్తి ఇష్టం మీద ఆధారపడిన రక్షణ ఇలా చట్టబద్ధమైన రక్షణగా మారడానికి దాదాపు ఒక తరం పట్టింది.

వాగును కాపాడే చెట్టు, చెట్టును తినే పురుగు

ఈ లోయలలోని చాలా చెట్ల వయసు 300 సంవత్సరాలకు పైబడింది. కొన్ని 500 ఏళ్ల నాటివి. నూరడుగుల ఎత్తున పెరిగిన వాటిలో ముఖ్యమైనది తూర్పు హెమ్లాక్. పేరులో పోలిక ఉన్నా, గ్రీకు తత్వవేత్త సోక్రటీస్‌కు ఇచ్చిన విషం తీసిన మొక్కకు, దీనికి సంబంధం లేదు. ఇది పైన్, దేవదారు చెట్ల కోవకు చెందిన, ఏడాది పొడవునా ఆకు రాల్చని శంకుధారి వృక్షం. పెన్సిల్వేనియా రాష్ట్ర వృక్షం కూడా ఇదే.

హెమ్లాక్‌కు, వాగుకు ఉన్న సంబంధం చాలా దగ్గరిది. పొట్టి సూదుల వంటి దాని ఆకులు దట్టంగా అల్లుకొని, వేసవిలో ఎండ నీటిని తాకనీయవు. శీతకాలంలో చలిగాలిని అడ్డుకుంటాయి. ఆ నీడ వల్ల నీరు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది కాబట్టి, బ్రూక్ ట్రౌట్ అనే చేప అటువంటి వాగుల్లోనే హాయిగా బతుకుతుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. చెట్టు వేళ్లు ఏటవాలు గట్లను పట్టి ఉంచుతాయి. కూలిన మానులు వాగుకు అడ్డంగా పడి నీటి వేగాన్ని తగ్గించి, చేపలకు మడుగులు కల్పిస్తాయి.

ఇంతటి చెట్టును ఇప్పుడు ఆవగింజంత కూడా ఉండని ఒక పురుగు చంపుతోంది. హెమ్లాక్ ఊలీ ఎడెల్జిడ్ అనే ఈ పురుగు ఆసియా ఖండం నుంచి చేరింది. తూర్పు అమెరికాలో దీనిని 1951లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ దగ్గర మొదట గుర్తించారు. ఇది ఆకు మొదట్లో నోటిగొట్టాన్ని గుచ్చి చెట్టు దాచుకున్న పోషకాలను పీలుస్తూ, ఒంటి చుట్టూ తెల్లని ఉన్నివంటి పొర కట్టుకుంటుంది. తూర్పు అమెరికాలో ఉన్నవన్నీ ఆడపురుగులే. మగ పురుగు అవసరం లేకుండానే ఏడాదికి రెండు తరాలు పుట్టుకొస్తాయి. పురుగు పట్టిన చెట్టు కొన్నేళ్లలోనే ఆకులు రాల్చి ఎండిపోతుంది. కొమ్మను పైకి తిప్పి చూస్తే, ఆకులు పుల్లకు అతికిన చోట వరుసగా తెల్లని చుక్కలు కనిపించడం దీని ఆనవాలు. గాలి, పక్షులు, జంతువులతో పాటు మనుషుల బట్టల మీదుగా కూడా ఇది ఒక అడవి నుంచి మరొక అడవికి చేరుతుంది.

దీనికి విరుగుడుగా అటవీ శాఖలు ముఖ్యమైన చెట్ల మొదళ్లలో మందు ఎక్కిస్తున్నాయి. ఈ పురుగునే తినే పెంకుపురుగులను తెచ్చి అడవులలో వదులుతున్నాయి. తీవ్రమైన చలి ఈ పురుగును చాలావరకు చంపుతుంది కానీ, శీతకాలాలు వెచ్చబడుతున్న కొద్దీ ఆ సహజ రక్షణ బలహీనపడుతోంది. గొడ్డలి నుంచి లోయను కాపాడటానికి ఒక యజమాని మాట చాలింది. ఈ పురుగు నుంచి కాపాడటానికి శాస్త్రజ్ఞుల కృషి, ప్రభుత్వ నిధులు, నడిచేవారి జాగ్రత్త అన్నీ కలవాలి.

నడిచేవారు తెలుసుకోవలసినవి

వసంతంలో మంచు కరిగినప్పుడు, మంచి వానలు పడిన తర్వాత జలపాతాలు నిండుగా ఉంటాయి. వేసవి చివర నీరు తగ్గినా రాతిపొరలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్టోబరులో మేపుల్, బీచ్, బిర్చ్ చెట్ల ఆకులు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోయి పసుపు, నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతాయి కనుక అప్పుడు రద్దీ అధికం. రాలిన ఆకులు తడి మెట్లను కప్పివేసే కాలం కూడా అదే కాబట్టి, రంగుల కోసం వచ్చేవారు పాదాల మీద మరింత దృష్టి ఉంచాలి. శీతకాలంలో జలపాతాలు గడ్డకట్టి, మెట్లు మంచుపలకలుగా మారతాయి. బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు, మంచుగొడ్డలి, తాడు వంటి సామగ్రి, వాటిని వాడే అనుభవం ఉన్నవారినే అప్పుడు బాటలోకి అనుమతిస్తారు.

మిగిలిన కాలాల్లో కావలసింది గట్టి పట్టున్న బూట్లు, తాగునీరు, తేలికపాటి ఆహారం, వానకోటు, పగటి వెలుగు ఉండగానే ముగించేలా వేసుకున్న ప్రణాళిక. చెప్పులు ఈ మెట్లకు పనికిరావు. వాగు నీరు ఎంత తేటగా కనిపించినా, కడుపును చెడగొట్టే సూక్ష్మజీవులు ఉండవచ్చు కాబట్టి శుద్ధి చేయకుండా తాగకూడదు. లోయలలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేము గనుక వెళ్లే దారిని, తిరిగివచ్చే వేళను ఇంట్లో చెప్పి బయలుదేరాలి.

అన్నింటికంటే ముఖ్యం, బాట విడిచి జలపాతపు అంచులకు పోకుండా ఉండటం, గుండాలలో దిగకుండా ఉండటం. పైకి నిశ్చలంగా కనిపించే గుండం లోపల సుళ్లు ఉంటాయి. చల్లని నీటిలో హఠాత్తుగా పడినవారికి ఊపిరి తన్నుకొచ్చి, ఈత వచ్చినా చేతులు సహకరించవు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని ఒక జలపాతం వద్ద ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు విద్యార్థులు నీట మునిగి ప్రాణాలు కోల్పోయారు. చదువు కోసం దూరదేశం వెళ్లిన పిల్లలను ఇలా పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం తీరేది కాదు. ఒక ఫోటో కోసం హెచ్చరిక ఫలకాన్ని దాటే ముందు ప్రతి యువకుడూ ఈ విషయం ఆలోచించాలి. స్నేహితుల బృందంలో పెద్దవారు ఆ మాట గట్టిగా చెప్పాలి.

ఈ నడక నేర్పేది

రికెట్స్ గ్లెన్‌ను చుట్టివచ్చినవారికి ఒక సంగతి నిస్సందేహంగా తెలుస్తుంది. జలపాతానికి రూపమిచ్చేది రాయి. దానికి ప్రాణమిచ్చేది ఎగువనున్న అడవి. రాతి మెట్లను ఎవరూ దోచుకుపోలేరు. కానీ కొండ మీది చెట్లను కొట్టివేస్తే, వాన కురిసిన రోజున బురద వరద, కురవని రోజున ఎండిన బండలు మాత్రమే ఆ మెట్ల మీద మిగులుతాయి. శేషాచలం అడవుల్లోని తలకోనకైనా, ఆదిలాబాద్ అడవుల నడుమ కడెం నది మీది కుంటాలకైనా ఈ సూత్రం ఇదే విధంగా వర్తిస్తుంది. అందువల్ల జలపాతాన్ని పర్యాటక స్థలంగా అభివృద్ధి చేయదలచిన ప్రభుత్వమైనా, సంస్థ అయినా, నీరు పడే చోట కట్టడాలు మొదలుపెట్టే ముందు, ఆ నీరు పుట్టే నేలను, దాని మీది అడవిని కాపాడే ఏర్పాట్లు చేయాలి. చూడబోయేవారు కూడా నీరు దూకే చోటుతో ఆగక, వీలైనంత మేర వాగు వెంట నడిచి, దాని అడవిని తెలుసుకుంటే, ఆ అడవికి ముప్పు వచ్చిననాడు దాని పక్షాన మాట్లాడగలిగే మనుషులు పెరుగుతారు.